కండెల వరుస నుంచి ఆటల గుంపులోకి

ఆటిజం ఉన్న పిల్లవాడి పేరు అంగన్‌వాడీ రిజిస్టరులో ఎక్కడానికి పది నిమిషాలు చాలు. అదే గదిలో మిగతా పిల్లలు ఆడుకునే ఆటలో అతనికి చోటు దొరకడానికి నెలలు పట్టవచ్చు. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుంది? పిల్లవాడు రోజూ వస్తాడు, మూలన కూర్చుంటాడు, పెట్టింది తిని ఇంటికి పోతాడు. పెద్దలు మాత్రం ‘మా దగ్గర బాగానే కలిసిపోయాడు’ అని సంతోషిస్తారు. గదిలో ఉండటమూ ఆటలో ఉండటమూ ఒకటేనా?

ఆరేళ్ళలోపు చదువంటే ఆటే. జాతీయ విద్యా విధానం 2020లోనూ, ఆ తర్వాత 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రంలోనూ మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటనే బోధన మార్గంగా చెప్పారు. గుజరాత్‌కు ఇది పాత సంగతి. వకీలు వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకా కొట్టడం, తిట్టడం లేకుండా ఆటతో, పాటతో, కథతో పసిపిల్లలకు చదువు చెప్పారు. జనం ఆయన్ను ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారు. చదువు ఆటలోనే ఉన్నప్పుడు, ఆట బయట మిగిలిన బిడ్డ చదువు బయట మిగిలినట్టే.

సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు ఈ మాట ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. తెలంగాణ నుంచి నేతపని కోసం వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలీ కుటుంబాల్లో తండ్రి సాంచాల (మరమగ్గాల) మీద షిఫ్టులో ఉంటాడు, తల్లి ఇంట్లోనే చీరలకు కుట్టుపనో, రాళ్ళు అతికే పనో చేస్తుంటుంది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, అంగన్‌వాడీలో గుజరాతీ. మాట ఆలస్యమైన బిడ్డ మూడు భాషల మధ్య పెరుగుతుంటుంది. అలాంటి ఇంటికి, అలాంటి గదికి పనికొచ్చే పద్ధతులే ఈ అధ్యాయంలో ఉన్నాయి.

బిడ్డ ఆటను చదవడం

ఆటిజం ఉన్న బిడ్డకు ఆట రాదనుకోవడం మొదటి పొరపాటు. ఆట వస్తుంది, కాకపోతే దాని తీరు వేరు. కారు బొమ్మ ఇస్తే నేల మీద తోలకుండా తిరగేసి చక్రం తిప్పుతూ చూస్తుంది. గిన్నెలు ఇస్తే ఉత్తుత్తి వంట చేయకుండా సైజు ప్రకారం పేర్చుకుంటుంది. ఒకే మూతను నూరుసార్లు తీసి పెడుతుంది. పక్కపిల్లల్ని చూస్తుంది గాని దగ్గరికి పోదు. టీవీ ప్రకటనలో విన్న మాటను ఆటలో పదేపదే అంటుంది. ఇవన్నీ ఆటలే. బిడ్డకు ఏది సుఖంగా ఉందో, ఏది బోధపడుతుందో వాటిలోనే కనబడుతుంది.

ఒక వారం పాటు ఏమీ మార్చకుండా చూసి, చిన్న నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకుంటే సగం పని అయినట్టే.

1. బిడ్డ తనంతట తాను ఏ వస్తువు దగ్గరికి పోతుంది? దానితో ఎంతసేపు ఉంటుంది?

2. ఏ చప్పుడుకు, ఏ స్పర్శకు, ఏ వెలుతురుకు చెవులు మూసుకుంటుంది, లేచిపోతుంది, ఏడుస్తుంది?

3. తనకు కావలసింది ఎలా అడుగుతుంది? చేయి పట్టుకుని లాగుతుందా, వేలు చూపుతుందా, ఏడుస్తుందా, మాట వాడుతుందా?

4. పక్కన మరో పిల్ల కూర్చుంటే ఎంత దూరం వరకు ఓర్చుకుంటుంది?

ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం నిశితంగా చూడాలి. గొడవ చేయకుండా, తోటివాళ్ళను అనుకరిస్తూ ఓ పక్కన మెదిలే పిల్లను ‘నెమ్మదస్తురాలు’ అని వదిలేస్తారు. గుర్తింపులో ఆడపిల్లలు వెనకబడటానికి ఇదీ ఒక కారణం.

చేర్చడానికి ముందు ఇంట్లో చేయవలసినవి

‘వాళ్ళ మేనమామకు కూడా నాలుగేళ్ళకు గాని మాట రాలేదు’, ‘కాస్త వస నాకిస్తే సరి’, ‘మాటలు వచ్చాక పంపుదాం.’ ఈ మూడు మాటలు ఏ తెలుగింట్లోనైనా వినబడతాయి. మాట వచ్చేదాకా ఆగితే మాట వచ్చే చోటు దూరమవుతుంది. తోటిపిల్లల మధ్య గడిపే సమయాన్ని వాయిదా వేయడం వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు. వసతో తీరే ఇబ్బంది కాదిది. ఆటిజాన్ని మాయం చేసే మందు అసలు లేదు, ఉందని డబ్బు అడిగేవారి దగ్గరికి పోకపోవడమే మంచిది.

చేర్చే ముందు రెండు మూడు వారాలు ఈ పనులు చేయవచ్చు.

1. ఖాళీ వేళలో గది చూపించాలి. పిల్లలు లేని సమయంలో పది నిమిషాలు తీసుకెళ్ళి తలుపు, చాప, నీళ్ళ కుండ, మరుగుదొడ్డి చూపిస్తే మొదటి రోజు భయం తగ్గుతుంది.

2. ఫొటోలు తీసుకోవాలి. అంగన్‌వాడీ బెన్‌ (అంటే టీచరక్క), పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్ళే సహాయకురాలు, అంటే గుజరాత్‌లో తేడాగర్ అని పిలిచే ఆమె, గది, ఇంటికి తిరిగొచ్చే దారి. ఈ నాలుగైదు బొమ్మలను వరుసగా అట్టకు అతికించి రోజూ చూపాలి. ‘ముందు ఇది, తర్వాత ఇది, చివరికి అమ్మ’ అని వరుస తెలిసిన బిడ్డ గాబరా పడదు.

3. ‘వంతు’ను ఇంట్లోనే ఆటగా మార్చాలి. డబ్బాలో ఒక బటాణీ అమ్మ వేస్తుంది, ఒకటి బిడ్డ వేస్తుంది. ప్రతిసారీ గుండె మీద అరచేయి పెట్టుకుని ‘నా వంతు’, బిడ్డ వైపు చూపి ‘నీ వంతు’ అనాలి. ఐదుసార్లతో ఆపాలి. బటాణీలు నోట్లో పెట్టుకునే బిడ్డయితే పెద్ద సీసా మూతలు వాడాలి.

4. ‘అయిపోయింది’ నేర్పాలి. ఆట ముగిశాక వస్తువులు మూత ఉన్న డబ్బాలో వేసి మూత పెట్టడం, రెండు చేతులు దులపడం. ‘ఇంకొక్కసారి బిడ్డా, తర్వాత అయిపోయింది’ అని ముందే చెప్పడం. ఆట ఎప్పుడు మొదలవుతుందో తెలియకపోయినా ఫరవాలేదు గాని, ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోతే కష్టం.

మూడు భాషల చిక్కు

‘ఇంట్లో తెలుగు మానేసి గుజరాతీ మొదలుపెట్టండి, అప్పుడే మాట వస్తుంది’ అనే సలహా తరచూ వినబడుతుంది. పాటించాలా? అక్కర్లేదు. ఒకటికి మించిన భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. ఈ విషయంపై జరిగిన పరిశోధనల్లో రెండు భాషల మధ్య పెరిగిన ఆటిస్టిక్ పిల్లలు ఒకే భాషలో పెరిగినవారికంటే మాటలో వెనకబడినట్టు తేలలేదు. పైగా తల్లి తనకు సరిగా రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే లాలన, పాట, నవ్వు, కోపం అన్నీ చప్పబడిపోతాయి. ఇంట్లో తెలుగే ఉండాలి.

గదిలో మాత్రం ఒక ఏర్పాటు కావాలి. పది ముఖ్యమైన అవసరాలకు పది బొమ్మకార్డులు చేసి, బొమ్మా సంజ్ఞా అన్ని చోట్లా ఒకటే ఉంచాలి. ఇంట్లో ‘నీళ్ళు’, బయట ‘పాణీ’, కార్డు మీద అదే గ్లాసు బొమ్మ. ఇంట్లో ‘నా వంతు’, అంగన్‌వాడీలో ‘మారో వారో’, గల్లీలో ‘మేరీ బారీ’, చేయి మాత్రం ఎప్పుడూ గుండె మీదికే. మాట మారినా బొమ్మ మారకపోతే బిడ్డకు ఆసరా దొరుకుతుంది. కార్డుల వెనక మూడు భాషల పదాన్నీ తెలుగు, గుజరాతీ లిపుల్లో రాస్తే తల్లికీ బెన్‌కీ ఇద్దరికీ పనికొస్తుంది. కార్డులు వాడితే మాట రాదన్న భయం వద్దు, అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డే మాట కోసం ప్రయత్నిస్తుంది.

గుంపులోకి ఆరు మెట్లు

ఒక సందర్భం అనుకుందాం. నాలుగేళ్ళ పిల్లవాడు. ఇంటి పక్క ఖాతాలో (మగ్గాల షెడ్డులో) నూలు అయిపోయి పారేసిన అట్ట కోన్లు అతని ప్రాణం. తెలంగాణ ఇళ్ళలో అవ్వలు కండెలు చుట్టే రోజుల అలవాటుతో నాయనమ్మ వాటినీ ‘కండెలు’ అనే పిలుస్తుంది. అంగన్‌వాడీలో గోడ వెంబడి వాటిని రంగుల ప్రకారం పేరుస్తాడు. పచ్చ, పచ్చ, తెలుపు, నీలం. పక్కపిల్ల వచ్చి నీలం కోన్ తీసుకుంటుంది. అరుపు, ఏడుపు, తల గోడకు కొట్టుకోవడం. ‘ఇక వీడికి ఆ కోన్లు ఇవ్వొద్దు’ అని ఎవరో అంటారు.

ఇస్తేనే దారి దొరుకుతుంది. ఆ వరుసే అతను తెరిచి పెట్టిన ఒకే ఒక తలుపు. అక్కడి నుంచి ఇలా నడవవచ్చు.

1. పక్కన కూర్చుని అదే ఆట ఆడటం. బెన్ తన కోన్లు తాను తెచ్చుకుని, అతని వరుసకు మూరెడు దూరంలో తన వరుస పేరుస్తుంది. మాట్లాడదు, అతని కోన్లు ముట్టదు. రోజుకు ఐదు నిమిషాలు. పిల్లవాడు ఓసారి పక్కకు చూశాడంటే ఈ మెట్టు పూర్తయినట్టే.

2. అందించేవారు కావడం. కోన్లన్నీ బెన్ ఒడిలో బుట్టలో ఉంటాయి. అతను చేయి చాపినప్పుడల్లా ఒక్కటి అందుతుంది. బెన్ అతని ఆటకు అడ్డు కాదు, అవసరం. ఈ తేడా పిల్లవాడికి వెంటనే తెలుస్తుంది.

3. బుట్ట మరో పిల్ల చేతికి ఇవ్వడం. ఓపికగల ఒక్క పిల్లను ఎంచుకోవాలి. ఆమె పని కోన్ అందించడమే. అందించగానే చేయి వెనక్కి తీసుకోవాలని ముందే చెప్పాలి. మొదటిరోజు మూడు కోన్లతో ఆపినా చాలు.

4. వరుసను నిలువుగా మార్చడం. కోన్ మీద కోన్ బోర్లిస్తే చక్కగా ఇమిడిపోతుంది. అతని కోన్, ఆమె కోన్, మళ్ళీ అతని కోన్. ‘మారో వారో, తారో వారో.’ గోపురం పడిపోతుంది. ఆ పడిపోవడంలోనే మొదటి నవ్వు వస్తుంది, ఇద్దరికీ ఒకేసారి.

5. మూడో పిల్లను, నాలుగో పిల్లను కలపడం. ప్రతి కొత్త మనిషి వచ్చినప్పుడు ఆట సమయం కాస్త తగ్గించాలి.

6. అదే ఆటకు పాటా పేరూ పెట్టడం. తెలుగు పిల్లల గుడుగుడుగుంచంలో పిడికిలి మీద పిడికిలి పెడతారు. ఒకరి చేయి మరొకరికి తగలడం ఓర్వలేని పిల్లవాడికి పిడికిలి బదులు కోన్ పెట్టమంటే అదే ఆట. చుట్టూ ఐదుగురు, నడుమ గోపురం, ఒకే పాట, చివర చేతులు వెనక దాచుకోవడం. పిల్లవాడు ఇప్పుడు గుంపులో ఉన్నాడు. అతను తన కోన్లను వదిలి రాలేదు, గుంపే వాటి చుట్టూ చేరింది.

ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎన్నాళ్ళు? రెండు రోజులూ కావచ్చు, రెండు నెలలూ కావచ్చు. ఒక మెట్టు దగ్గర ఏడుపు మొదలైతే కింది మెట్టుకు దిగడమే, దాన్ని ఓటమిగా లెక్కేయనక్కర్లేదు. కోన్లకు నూలుపోగులు మిగలకుండా చూసుకోవాలి. అవి వేలికి చుట్టుకుంటే బిగుసుకుంటాయి.

ఊరి ఆటల్లో చిన్న మార్పులు

ఖరీదైన థెరపీ బొమ్మలు లేకపోతే పని కాదా? అమ్మమ్మలు ఆడిన ఆటల్లో చాలావాటికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. ఒకే వరుస, ఒకే పాట, స్పష్టమైన ముగింపు. కొద్ది మార్పులు చేసుకుంటే చాలు.

1. కాళ్ళాగజ్జె: అందరూ కాళ్ళు చాపి కూర్చుంటారు, పెద్దవారు పాటతో ఒక్కో కాలూ తడుతూ పోతారు. వంతు ఎప్పుడొస్తుందో కంటికి కనబడుతుంది, అదే ఇందులో మేలు. ముట్టుకోవడం ఇష్టం లేకపోతే కాలి పక్కన చాపను తట్టాలి. కొందరు పిల్లలకు మెత్తటి తాకిడి చిరాకు, గట్టి తాకిడి హాయి. ఏది నచ్చుతుందో చూసి చేయాలి.

2. దాగుడుమూతలు, గుజరాతీలో థప్పో: కళ్ళు మూసి పట్టుకోవద్దు. ముందుగా మనిషి కాక వస్తువు దాగాలి. ఇష్టమైన బొమ్మను తువ్వాలు కింద సగం కనబడేలా పెట్టి వెతికించాలి. తర్వాత బెన్ తలుపు వెనక కొంగు కనబడేలా దాక్కోవాలి.

3. ఏడు పెంకులాట, గుజరాతీలో సతోడియు: బంతి దెబ్బలూ పరుగూ తీసేసి పెంకులు పేర్చడం, పడగొట్టడం మాత్రం ఉంచాలి. పేర్చే బాధ్యత ఆటిజం ఉన్న పిల్లకు ఇస్తే గుంపంతా ఆమె కోసం ఎదురుచూస్తుంది.

4. గుజ్జనగూళ్ళు: ఉత్తుత్తి వంట ఊహ మీద నడుస్తుంది, అందుకే ఇది కష్టం. నిజం నుంచి మొదలుపెట్టాలి. నిజం మరమరాలు, నిజం గిన్నె, నలుగురికి నాలుగు పిడికిళ్ళు పంచడం. ఖాళీ గిన్నెలో కలిపినట్టు నటించడం చాలా తర్వాతి మాట.

5. బతుకమ్మ: వలయం, ఒకే అడుగు, ఒకే చప్పట్లు. ఇంతకంటే క్రమమైన సామూహిక ఆట దొరకదు. సూరత్ తెలుగు వాడల్లో పండుగ రోజున డీజే చప్పుడు ఉంటుంది కాబట్టి, ముందు వారం నుంచి అంగన్‌వాడీలో స్పీకరు లేకుండా ఐదుగురితో ఆడించాలి. వలయంలో తిరగలేని బిడ్డ పూలు అందించవచ్చు. అదీ ఆటలో పాత్రే.

తోటిపిల్లలకు ఏం చెప్పాలి?

‘పాపం, వాడికి బాగాలేదు, వాణ్ణి ఏమీ అనొద్దు’ అంటే పిల్లలు దూరం జరుగుతారు. జాలి చూపే చోట స్నేహం కుదరడం కష్టం. నాలుగేళ్ళ పిల్లలకు అర్థమయ్యే మాటలు వేరే ఉన్నాయి. ‘వీడికి చప్పుడంటే చెవులు నొప్పి. మెల్లగా పిలుద్దాం.’ ‘వీడు మాటతో కాక కార్డుతో అడుగుతాడు. చూపిస్తే ఇచ్చేయండి.’ ‘వీడి వరుస తీసే ముందు అడగండి.’ అంతే చాలు. ఆటిజం అనే పదం చెప్పాలా వద్దా అన్నది తల్లిదండ్రులు నిర్ణయించాలి.

ఒకే పిల్ల మీద రోజూ తోడు బాధ్యత పెట్టకూడదు. ఆమె కూడా చిన్నపిల్లే, విసుగొస్తుంది. ఇద్దరు ముగ్గురిని మార్చుతూ ఉండాలి. ఆటిజం ఉన్న పిల్లవాడు ఎప్పుడూ సాయం పొందేవాడిగానే ఉండకూడదు. చాపలు చుట్టడం, గ్లాసులు వరుసగా పెట్టడం లాంటి పనుల్లో అతనిదే పైచేయి కావచ్చు. అది గుంపుకు కనబడాలి.

చప్పుడు, రద్దీ, పండుగలు

సాంచాల మోత మధ్య హాయిగా నిద్రపోయే పిల్లవాడు కుక్కర్ విజిల్‌కు ఎందుకు వణికిపోతాడు? ఆగకుండా ఒకే తీరున వచ్చే మోతకు అలవాటు పడవచ్చు. ఎప్పుడొస్తుందో తెలియని చప్పుడుకు ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది. అంగన్‌వాడీ గదిలోనూ ఇదే సూత్రం. గంట కొట్టే ముందు చేయెత్తి చూపడం, అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టే బదులు చేతులు ఊపడం, ఒక మూలన పాత చీరతో తెర కట్టి పరుపు వేసి ‘చల్లని మూల’ ఉంచడం. ఈ మూడూ ఖర్చు లేనివే. ఆ మూల శిక్షకు కాదు, సేద తీరడానికి. అక్కడికి ఏ పిల్లయినా పోవచ్చు.

జనవరి 14న ఉత్తరాయణం వస్తుంది. మేడల మీద స్పీకర్లు, ఈలలు, గాలిపటం తెగినప్పుడల్లా ‘కాయ్ పో ఛే’ కేకలు. నవరాత్రుల్లో రాత్రిళ్ళు గర్బా. రెండు వారాల ముందు నుంచి బొమ్మల్లో చూపడం, గాలిపటం కాగితాలతో ఆడించడం, పండుగ రోజు చెవులకు మఫ్స్ పెట్టడం, గంట చాలనుకుంటే గంటకే కిందికి దించడం మేలు. పండుగ తర్వాత రెండు మూడు రోజులు గుంపు ఆటలు తగ్గించాలి.

తరచూ జరిగే పొరపాట్లు

1. గడ్డం పట్టుకుని ‘నా కళ్ళలోకి చూడు’ అనడం. చూపు కలవకపోయినా చెవి వింటూ ఉండవచ్చు. చూపు కోసం పట్టుబడితే ఆట పోతుంది.

2. చేతులు ఊపడం, ఊగడం మాన్పించాలని చూడటం. ఎవరికీ దెబ్బ తగలనప్పుడు అది బిడ్డ తనను తాను కుదుటపరచుకునే దారి. దాన్ని మూసేస్తే మరో దారి వెతుకుతుంది, అది ఇంకా కష్టంగా ఉండొచ్చు.

3. ఇష్టమైన వస్తువును బెదిరింపుగా వాడటం. ‘పాడకపోతే కోన్లు తీసేస్తా’ అన్నరోజు నుంచి బెన్ ఆట మనిషి కాకుండా పోతుంది.

4. ఫోను ఇచ్చి కూర్చోబెట్టడం. గొడవ ఆగుతుంది, ఆటా ఆగుతుంది.

5. ఒకేసారి ఇరవై మంది వలయంలో కూర్చోబెట్టడం. ఒకరు, ఇద్దరు, నలుగురు. ఈ లెక్కనే పెంచాలి.

6. ఒకే వాక్యంలో నాలుగు పనులు చెప్పడం. ‘లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయి లైన్లో నిలబడు’ కాక, ‘చెప్పులు’ అని చూపి ఆగాలి. పది లెక్కపెట్టేదాకా ఎదురుచూస్తే జవాబు రావడానికి చోటుంటుంది.

తట్టుకోలేక విరుచుకుపడినప్పుడు

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు ఆట మధ్యలో కేక, దొర్లడం, కొరకడం జరుగుతుంది. అది మొండితనమా? మొండిగా ఏడ్చే పిల్ల ఎవరైనా చూస్తున్నారా లేదా అని గమనిస్తుంది. తట్టుకోలేక విరుచుకుపడే పిల్లకు ఎవరూ కనబడరు. అప్పుడు పాఠం పనికిరాదు. మిగతా పిల్లల్ని తేడాగర్ బయటికి తీసుకెళ్ళాలి, ఫ్యాను లైటు చప్పుడు తగ్గించాలి, మాట ఆపాలి, తల కింద మెత్తటిది పెట్టి పక్కన కూర్చోవాలి. గట్టిగా పట్టుకోకూడదు. బిడ్డ కుదుటపడ్డాక నీళ్ళు ఇచ్చి, ఇష్టమైన వస్తువు దగ్గరికి చేర్చాలి. ఆనక నోటుపుస్తకంలో ఒక్క వాక్యం: అంతకు ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగింది? పది సంఘటనలు రాసేసరికి కారణం కనబడటం మొదలవుతుంది. ఆకలి కావచ్చు, బిగుతు చొక్కా కావచ్చు, ఆట ముగింపు చెప్పకుండా ఆపడం కావచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఆటతోపాటు అధికారికంగా అందవలసిన తోడు కూడా ఉంది.

1. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం కనబడితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. బృందం వచ్చే రోజు ముందే కనుక్కుని, నోటుపుస్తకం తీసుకుని తల్లి స్వయంగా ఉండటం మంచిది.

2. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. ముందుగా గుర్తించడం, కలుపుకోవడం, ఆశా కార్యకర్తల ద్వారా వైద్యానికి పంపడం అంగన్‌వాడీ పనిలో భాగమని అందులో ఉంది. ‘ఇలాంటి పిల్లలకు మా దగ్గర చోటు లేదు’ అన్న జవాబుకు అది సరైన సమాధానం.

3. వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ధ్రువీకరణ అయిన పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. ధ్రువీకరణకు వాడే 40 అంశాల భారతీయ కొలమానాన్ని తయారుచేసింది సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే. ధ్రువపత్రం, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు ఉంటే నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చుకు ఆసరా ఉంటుంది.

4. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. బడిలో చేర్చేటప్పుడు ఈ ప్రశ్న అడగడం తల్లిదండ్రుల హక్కు.

ముందడుగు పడుతోందని ఎలా తెలుస్తుంది?

ఎన్ని అక్షరాలు వచ్చాయన్నది ఇక్కడ కొలత కాదు. నెలకోసారి నోటుపుస్తకం తిరగేసి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. తోటిపిల్ల పక్కన ఎంతసేపు ఉంది? ఎన్నిసార్లు తనంతట తాను వస్తువు అందించింది, అడిగింది? ఎన్ని ఆటల్లో తనకో పని ఉంది? ఎవరైనా పిల్ల తనంతట తానే వచ్చి ‘వాడేడి?’ అని అడిగిందా? నాలుగో ప్రశ్నకు ‘అవును’ అని రాసిన రోజు, కలుపుకోవడం పెద్దల చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి వచ్చినట్టు లెక్క.

అయిదేళ్ళు నిండాక గుజరాత్‌లో బాలవాటిక, ఆరు నిండాక ఒకటో తరగతి. సూరత్ నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి బడుల్లో గుజరాతీ, హిందీలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఏ మాధ్యమం ఎంచుకున్నా కొత్త టీచరు చేతికి జూన్‌కు ముందే ఒక్క కాగితం అందాలి. బిడ్డకు ఏ చప్పుడు పడదు, ఏ కార్డులు తెలుసు, ఎలా కుదుటపడుతుంది, ఏ ఆటలో, ఎవరితో కలిసి ఆడుతుంది. ఆ కాగితంతో పాటు సంచిలో పది అట్ట కోన్లు పెడితే, కొత్త గదిలో మొదటి ఆట ఎక్కడ మొదలుపెట్టాలో టీచరు వెతుక్కోనక్కర్లేదు.